తప్పొప్పుల పట్టిక

మా నాన్నగారికి ఒక అలవాటు ఉంది. కొత్త పుస్తకం చేతికి వస్తే మొదటి పుట తిప్పరు. తిన్నగా చివరికి వెళ్లి, తప్పొప్పుల పట్టిక ఉందా లేదా అని చూస్తారు. ఉంటే పెన్సిలు చెక్కుకుని కూర్చుని, పట్టికలోని తప్పులన్నీ ఆయా పుటల్లో దిద్దుకుని, అప్పుడు గాని చదవడం మొదలుపెట్టరు. లేకపోతే, "ఇది తప్పుల్లేని పుస్తకమో, తప్పులు ఒప్పుకోని పుస్తకమో చూద్దాం" అంటూ చదువుతారు. చదువుతూ తామే ఒక పట్టిక తయారుచేసి, ప్రచురణకర్తకు కార్డు రాసి పడేస్తారు. ముప్ఫై అయిదేళ్లు హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన మనిషి. "ఇంట్లోకి సరుకుల పట్టీ రాయమంటే బద్ధకం, ఊళ్లోవాళ్ల పుస్తకాలకు పట్టీలు రాయడానికి మాత్రం ఎక్కడలేని ఓపికా వస్తుంది" అని మా అమ్మ బతికున్న రోజుల్లో దెప్పుతూ ఉండేది.

చెప్పొద్దూ, నేను కూడా అది పెద్దవాళ్ల కాలక్షేపం అనే అనుకున్నాను, 2022 వేసవి వరకూ.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1999లో ఎం.సి.ఏ. ప్యాసై హైదరాబాదులో ఏడేళ్లు ఉద్యోగం చేశాను. 2006లో మా అమ్మాయి పుట్టింది. ఉద్యోగం మానేశాను. "పిల్ల కాస్త పెద్దదయ్యాక మళ్లీ చేరుదువుగానిలే" అన్నారు మావారు. పిల్ల పెద్దదయింది. ఇంతలో అత్తగారి మోకాళ్లు, ఆ తరువాత మా అమ్మ జబ్బు, ఆవిడ పోయాక నాన్నగారిని మా దగ్గరికి తెచ్చుకోవడం. ఒకనాడు లెక్క చూసుకుంటే పదహారేళ్లు గడిచిపోయాయి. నా చదువు అటకమీది ఇత్తడి గుండిగలా నల్లబడి ఉంది.

అలాంటి రోజుల్లో పాత స్నేహితురాలు ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల కంపెనీలో హాస్కెల్ అనే కంప్యూటరు భాష వాడతారట. తెలిసినవాళ్లు తక్కువట. "మూడు నెలల్లో నేర్చుకో, పరీక్ష పెడతారు, రాయి" అంది. నలభై ఆరేళ్ల వయస్సులో పరీక్ష అంటే గుండె దడదడలాడింది. అయినా ఆదివారం ఆబిడ్స్‌కు వెళ్లి, ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టల్లో వెతికి, హాస్కెల్ నేర్పే పుస్తకం ఒకటి రెండు వందలకు బేరమాడి తెచ్చుకున్నాను.

ఆ భాష తీరు కొంచెం చెబుతాను, విసుక్కోకండి. మామూలు కంప్యూటరు భాషల్లో ప్రోగ్రామంటే వంటమనిషికి వరసగా పనులు పురమాయించినట్టు ఉంటుంది. పొయ్యి వెలిగించు, ఎసరు పెట్టు, బియ్యం పొయ్యి. మధ్యలో ఇంకెవరో వచ్చి ఎసట్లో రెండు గ్లాసులు నీళ్లు ఎక్కువ పోస్తే అన్నం మెత్తబడుతుంది, ఎవరు పోశారో తేలదు. హాస్కెల్‌లో ఆ పద్ధతి కాదు. మా అమ్మాయి ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో మొదటి పాఠం ప్రమేయాలు. ఈ భాషంతా ఆ ప్రమేయాల మీద కట్టిన ఇల్లు. ఒక విలువ ఇస్తే ఒక జవాబు వస్తుంది. అదే విలువ రేపు ఇచ్చినా, పదేళ్లకు ఇచ్చినా అదే జవాబు. చాటుగా ఎవరూ ఎసట్లో నీళ్లు కలపరు.

రెండో విశేషం దాని బద్ధకం. అవసరం పడితే తప్ప ఏ లెక్కా చెయ్యదు. "ఒకటి మొదలుకొని అంతులేకుండా ఉన్న అంకెలన్నీ ఇవి" అని రాసినా కంగారుపడదు. "వాటిలో మొదటి పదీ చూపించు" అంటే, పది మాత్రమే లెక్కపెట్టి చూపించి ఊరుకుంటుంది. మా అమ్మాయి ఇది విని, "అచ్చం నా లాంటి భాష" అని మురిసిపోయింది.

నాన్నగారు పడక్కుర్చీలోంచి అంతా వింటున్నారు. భాష అన్న మాట చెవిన పడితే ఆయన ఊరుకోరు.

"ఈ భాషకు లక్షణగ్రంథం ఉందా? ఎవరు రాశారు?" అని అడిగారు.

నాకు అప్పటికి తెలియదు. కనుక్కుని చెప్పాను. 1980ల్లో ఇలాంటి బద్ధకపు భాషలు డజనుకు పైగా ఉండేవి. అన్నీ ఇంచుమించు ఒకటే. కాని ఏ విశ్వవిద్యాలయం వాళ్లది ఆ విశ్వవిద్యాలయానిదే.

"ఇంటికో పంచాంగం అన్నమాట" అన్నారు నాన్నగారు. "ఒక పంచాంగంలో పండగ ఇవాళ, ఇంకో పంచాంగంలో రేపు."

సరిగ్గా అదే. అందుకని 1987 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక సభకు వచ్చిన పండితులు కూర్చుని, అందరికీ కలిపి ఒకటే భాష ఉండాలని తీర్మానించారు. దానికొక కమిటీ ఏర్పడింది. 1988 జనవరిలో యేల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైనప్పుడు పేరు గురించి చర్చ వచ్చింది. తర్కశాస్త్రంలో గొప్పవాడైన హాస్కెల్ కర్రీ పేరు పెడదామనుకున్నారు. కర్రీ అని పెడితే లోకమంతా వేళాకోళం చేస్తుందని భయపడి ఇంటిపేరు వదిలేసి మనిషి పేరు పెట్టారు. మంచిపనే చేశారు. లేకపోతే నేను ఈ వయస్సులో కూర నేర్చుకుంటున్నానని మా చుట్టాలంతా నవ్విపోదురు.

ఆ కర్రీ 1982లోనే కాలం చేశాడు. అందుచేత కమిటీ తరఫున పాల్ హ్యూడాక్ అనే ఆచార్యుడు ఆయన భార్య ఇంటికి వెళ్లి అనుమతి అడిగాడు. ఆ ఇల్లాలు సంతోషంగా ఒప్పుకుని, పాత ముచ్చట్లన్నీ చెప్పి, అతను గుమ్మం దిగబోతుండగా మెల్లిగా ఓ మాట చెప్పిందట: మా ఆయనకు హాస్కెల్ అన్న పేరు ఎన్నడూ నచ్చలేదు సుమా, అని!

నాన్నగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "అతనికి కనిపించిన మొదటి తప్పు ఆ పేరేనన్నమాట. కాని దిద్దడానికి వీలులేని తప్పు" అన్నారు.

మొదటి నెల బాగానే నడిచింది. వంటయ్యాక, అంట్లు సర్దాక, పుస్తకం ముందు పెట్టుకుని అందులోవి వరసగా కంప్యూటరులో ఎక్కించుకుంటూ పోయాను. రెండో నెలలో ఒక అధ్యాయం వచ్చింది. ఒక వాక్యం ఇస్తే దాన్ని ముక్కలుగా విడగొట్టి, ఏది ఏమిటో తేల్చే ప్రోగ్రాము రాయాలి. మన పండితులు పద్యానికి పదవిభాగం చేసినట్టే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. కంపైలరు ఒప్పుకోలేదు. కంపైలరంటే మనం రాసింది చదివి యంత్రానికి అర్థమయ్యేట్టు చెప్పే దుబాసి. ఆ దుబాసి, "అప్లికేటివ్ అనేది ఇవ్వలేదు, నేను ముందుకు పోను" అని మొండికేసింది. పుస్తకంలో ఆ అధ్యాయమంతా గాలించినా అప్లికేటివ్ అన్న మాటే లేదు.

మూడు రోజులు కొట్టుకున్నాను. చుక్కలూ కామాలూ సరిచూశాను. చెరిపి మళ్లీ రాశాను. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఆ ఎర్ర అక్షరాలే మళ్లీ కనబడేసరికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పుస్తకం తప్పు అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు సుమండీ. అంత పేరున్న ఆచార్యుడు రాసినది, అంత మంచి కాగితం మీద అచ్చయినది, తప్పెలా అవుతుంది? తప్పంతా నా బుర్రదే అనుకున్నాను. పదహారేళ్లు పోపులు పెట్టిన బుర్ర మరి.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ, "నేనింక మానేస్తానండీ, ఈ చదువు నావల్ల కాదు" అన్నాను మావారితో. ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగారు.

"నీ పుస్తకం ఎన్నో కూర్పు, అమ్మాయ్? ఎప్పుడు అచ్చయింది?"

లోపలికి వెళ్లి చూశాను. మొదటి కూర్పు. 2007.

"కంప్యూటరులో ఉన్న ఆ దుబాసి ఎప్పటిది?"

పోయిన ఏడాదిది.

"మరి పదిహేనేళ్ల కిందటి పంచాంగం పెట్టుకుని ఇవాళ్టి తిథి చూస్తున్నావు కదే" అన్నారాయన, నింపాదిగా.

నేను వెతకవలసింది పుస్తకంలో కాదని అప్పుడు తెలిసింది. సంగతి ఇదీ. హాస్కెల్‌లో మొనాడ్ అని ఒక ఏర్పాటు ఉంది, అది 1990ల నాటిది. అప్లికేటివ్ అని ఇంకొకటి ఉంది. దాని గురించి కానర్ మెక్‌బ్రైడ్, రాస్ ప్యాటర్సన్ అనే ఇద్దరు వ్యాసం ప్రచురించింది 2008లో. గణితం ప్రకారం చూస్తే మొనాడ్ అయినదల్లా అప్లికేటివ్ కూడా అయి తీరాలి. డిగ్రీ ఉన్నవాడికి ఇంటర్మీడియట్ ఉండితీరాలి అన్నట్టు. కాని ఇక్కడ డిగ్రీ ముందు పుట్టి, ఇంటర్మీడియట్ తరువాత పుట్టింది! అందుకని పాత నిబంధనల్లో ఇంటర్ సర్టిఫికెట్ చూపించమని ఎక్కడా రాయలేదు. ఎన్నో ఏళ్ల వాదోపవాదాల తరువాత, ఎక్కువమంది వాడే కంపైలరు, జి.హెచ్.సి. అనేది, 2015 మార్చిలో వచ్చిన కూర్పు నుంచి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. ఆ ఒక్క మార్పుతో అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లోని పాఠాలు ఎన్నో పనిచెయ్యడం మానేశాయి. నేను చెయ్యవలసిందల్లా నాలుగైదు పంక్తులు అదనంగా చేర్చడం. చేర్చాను. దుబాసి కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. మరి అసలు లక్షణగ్రంథంలోనైనా ఈ మార్పు రాయవద్దా? వెళ్లి చూస్తే, అందులోనూ లేదు! చిట్టచివరి అధికారిక గ్రంథం హాస్కెల్ 2010. అందులో మొనాడ్‌కు అప్లికేటివ్ అక్కరలేదు. అంటే లక్షణం ఒకటి చెబుతోంది, లక్ష్యం ఇంకోలా నడుస్తోంది.

ఇది చెప్పేసరికి నాన్నగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మొదట్నుంచీ అలాగే నడిచిందా? దిద్దేవాళ్లే లేరా?" అన్నారు. ఆ తరువాత వారం రోజులు సాయంకాలాలు ఆయనకు ఈ గ్రంథం చరిత్ర చెప్పడమే నా పని. చెబుతూ నేనే ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటి గ్రంథం 1990 ఏప్రిల్ ఒకటో తేదీన వెలువడింది. తేదీ చూసి నవ్వకండి, నిజంగానే ఆ రోజే. దాని పేరు రిపోర్టు. ఆ తరువాత ఏడేళ్లలో నాలుగుసార్లు మారింది. మార్పు మంచిదే గాని, పాఠం చెప్పేవాడికీ పుస్తకం రాసేవాడికీ ఆధారం ఏది? అందుకని 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలుసుకున్నప్పుడు, కదలకుండా నిలబడే కూర్పు ఒకటి కావాలని నిర్ణయించారు. అది హాస్కెల్ 98. పేరులో 98 ఉన్నా బయటికి వచ్చింది 1999 ఫిబ్రవరిలో. పెళ్లిశుభలేఖ అచ్చులో ఆలస్యమైనట్టు.

గ్రంథం వచ్చింది, కమిటీ పని అయిపోయింది, రద్దయింది. ఆ తరువాత మొదలయింది అసలు కథ. చదివినవాళ్లకు అచ్చుతప్పులు కనబడ్డాయి. కొన్నిచోట్ల వాక్యం బోధపడదు, కొన్నిచోట్ల రెండర్థాలు వస్తాయి. సైమన్ పేటన్ జోన్స్ అనే ఆయన, సరే నేను దిద్దుతానని ఒప్పుకున్నాడు. నియమాలు కూడా తానే పెట్టుకున్నాడు. అచ్చుతప్పులు దిద్దాలి. మసకగా ఉన్నది తేటపరచాలి. రెండర్థాలు వచ్చేచోట ఒక అర్థం ఖాయం చెయ్యాలి. భాషను మార్చవలసి వస్తే మనసొప్పకపోయినా, కొంచెమే మార్చాలి. పని 2002 డిసెంబరు దాకా సాగింది. అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పెద్దదయిందని ఆయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు. సవరణలు వందల్లో ఉన్నాయి, చాలామటుకు చిన్నవే.

"కమిటీ లేదన్నావుగా, మరి ఎవరిని అడిగి దిద్దాడు?" అన్నారు నాన్నగారు.

"అందరినీ అడిగి. ప్రతి మార్పూ ఆ భాష వాడేవాళ్లందరికీ ఉత్తరం రాసి, మీరేమంటారని అడిగి దిద్దాడు."

నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. "ఆయన మేష్టారై ఉండాలి" అన్నారు చివరికి.

"అవును నాన్నగారూ. అంతకుముందు గ్లాస్గోలో ఆచార్యుడే."

"అనుకున్నాను."

ఇంకో ముచ్చట. ఆ సవరించిన గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం పుస్తకంగా వేసింది. అయినా దాన్ని ఎవరైనా ఉచితంగా నకలు తీసుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. మార్చి కూడా పంచుకోవచ్చు. షరతు ఒకటే. మార్చినవాళ్లు మార్చామని స్పష్టంగా చెప్పాలి, ఇదే అసలు లక్షణమని చెప్పుకోకూడదు. "మన తాళపత్రాలు నకలు రాసిన వాళ్లకు కూడా ఎవరైనా ఈ షరతు పెట్టి ఉంటే, మా పండితుల తలనొప్పి సగం తగ్గిపోయేది" అన్నారు నాన్నగారు.

ఆ తరువాత సంగతి అంత బాగాలేదు. ఏడాదికోసారి కొద్దికొద్ది మార్పులతో కొత్త కూర్పు తేవాలని మళ్లీ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ వరసలో వచ్చింది హాస్కెల్ 2010 ఒక్కటే. అందులో కొన్ని చేర్చారు, ఒక పాత రచనా పద్ధతిని తీసివేశారు కూడా. నా ఆబిడ్స్ పుస్తకంలో ఆ తీసివేసిన పద్ధతి నిక్షేపంగా ఉంది! 2016లో హాస్కెల్ 2020 అని పేరుపెట్టి కొత్త కమిటీ వేశారు. 2020 వచ్చింది, వెళ్లింది, గ్రంథం మాత్రం రాలేదు. కంపైలరు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. జనం ఎక్కువగా వాడుతున్న సౌకర్యాలన్నీ ఏరి, జి.హెచ్.సి. 2021 అని ఒక కట్టగా కట్టి, 2021 అక్టోబరు నుంచి అడక్కుండానే ఇచ్చేస్తోంది. ఇప్పుడు ఏదైనా సందేహం వస్తే అందరూ చూసేది లక్షణగ్రంథం కాదు, కంపైలరుతో పాటు వచ్చే వివరణ పుటలు.

"వాడుకభాష గెలిచిందన్నమాట" అన్నాను నేను, ఆయన్ని కొంచెం రెచ్చగొడదామని. మా నాన్నగారు చిన్నయసూరి పక్షం. గిడుగు రామమూర్తిగారంటే గౌరవమే గాని, బాలవ్యాకరణాన్ని ఎవరైనా తేలికగా మాట్లాడితే ఊరుకోరు.

రెచ్చిపోలేదు. "వాడుక ముందు పోతుంది, వ్యాకరణం వెనక నడుస్తుంది. అది లోకసహజం. గిడుగువారు చెప్పిందీ అదే. కాని వెనక నడిచేవాడు మరీ వెనకబడిపోతే, కొత్తగా వచ్చినవాడు దారి ఎవరిని అడుగుతాడమ్మా? మొన్న రాత్రి నువ్వు ఏడ్చావు చూడు, అదీ ఫలితం" అన్నారు.

పరీక్షకు పదిహేను రోజులుందనగా ఇంకో చిక్కు ఎదురయింది. హాస్కెల్‌లో ఎవరో రాసిపెట్టిన చిన్న సామగ్రిపెట్టె ఒకటి వాడుకుంటున్నాను. అలాంటి పెట్టెను లైబ్రరీ అంటారు. దానితో వచ్చిన వివరణ పుటలో ఉదాహరణగా ఇచ్చిన ముక్క పనిచెయ్యలేదు. ఈసారి నేను ఏడవలేదు. తేదీ చూశాను. 2015కు ముందు రాసినది. అదే రోగం. రెండు నిమిషాల్లో నా మటుకు నేను సరిచేసుకుని ముందుకు పోయాను.

రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. నాన్నగారు తల ఎత్తకుండానే, "వాళ్లకు రాశావా?" అన్నారు.

"ఎవరికి?"

"ఆ పుట రాసినవాళ్లకు."

"నేనా? నిన్నగాక మొన్న నేర్చుకున్నదాన్ని. ఎక్కడెక్కడి పెద్దలో చూసుకునేవి అవి. వాళ్లకు తెలియదంటారా? పైగా నా ఇంగ్లీషు చూసి నవ్వుతారు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి వరండాలో కూర్చున్నారు. నన్ను పిలిచారు. అప్పుడు చెప్పిన సంగతి నలభై ఆరేళ్లలో నేను ఎన్నడూ వినలేదు. మా అమ్మకైనా చెప్పారో లేదో నాకు తెలియదు.

1969. నాన్నగారికి పాతికేళ్లు. చీరాల దగ్గర మగ్గాలున్న ఒక పల్లెలో పని. ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతూ, మహేంద్రుడు ఏ సంధి అని ఒక కుర్రాణ్ణి లేపి అడిగారు. వాడు నేతపనివాళ్ల పిల్లాడు, బుద్ధిమంతుడు. "వృద్ధి సంధండీ" అన్నాడు. మహా, ఇంద్రుడు కలిస్తే గుణసంధి. "ఇంటిదగ్గర పుస్తకం తెరిచావట్రా?" అన్నారు. "తెరిచానండీ. పుస్తకంలో వృద్ధి అనే ఉందండీ" అన్నాడు వాడు. నాన్నగారి చేతిలో పుస్తకం ఉంది. అందులో గుణసంధి అని స్పష్టంగా ఉంది. తప్పు చెప్పడం ఒకటి, పైగా పుస్తకం మీదికి నెట్టడం ఒకటా అని చెంప మీద కొట్టారు, తరగతి అందరి ఎదుటా. వాడు, "ఉందండీ" అని మళ్లీ అన్నాడు. మళ్లీ కొట్టారు.

మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నెల తిరిగాక ఇంకో పిల్లాడి పుస్తకం ఎందుకో తిరగేస్తుంటే, ఆ పంక్తి కనబడింది. వృద్ధి సంధి. నాన్నగారిది పాత ముద్రణ. పిల్లలవి ఆ ఏడు వచ్చిన కొత్త ముద్రణ. అచ్చులో ఎవరిదో చెయ్యి జారింది.

"ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తప్పు నాదిరా, పుస్తకంలో నువ్వు చెప్పినట్టే ఉంది, రేపట్నుంచి రా అన్నాను. 'పోనీలెండి మేష్టారూ' అన్నాడు. నవ్వాడు కూడా. కాని రాలేదు. వాళ్ల నాన్నకు రెండో చెయ్యి ఆసరా కావలసి వచ్చింది, ఇదొక సాకు దొరికింది. ఆ దెబ్బ పడకపోయినా మానేసేవాడేమో, నాకు తెలియదు. తెలియకపోవడమే బాధ."

కాసేపాగి అన్నారు: "పుస్తకంలో తప్పుంటే పుస్తకానికి ఏమీ కాదమ్మా. చదివేవాడికి అవుతుంది. తప్పు తనదే అనుకుంటాడు, లేకపోతే పక్కవాళ్లు వాడిదే అంటారు. నాకు తెలిసీ కార్డు రాయకపోతే, ఆ చెంపదెబ్బ ఇంకొకడికి నేనే కొట్టినట్టు."

ఆ రాత్రి నేను పడుకోలేదు. వివరణ పుట తెరిచి, ఉదాహరణను సరిచేసి, ఎందుకు పనిచెయ్యడం లేదో మూడు వాక్యాల్లో ఇంగ్లీషులో రాశాను. ఆ మూడు వాక్యాలు రాయడానికి గంటన్నర పట్టింది. పంపే మీట నొక్కేముందు చేతులు చల్లబడ్డాయి. మా అమ్మాయి నిద్ర కళ్లతో వచ్చి చూసి, "నొక్కమ్మా, కరవదు" అంది. నొక్కాను.

రెండు రోజులు జవాబు లేదు. నవ్వుకుని ఉంటారనుకున్నాను. మూడో రోజు పొద్దున్న చూస్తే, ముఖమైనా తెలియని మనిషి ఎవరో దేశం కాని దేశం నుంచి రాశాడు. చూపించినందుకు కృతజ్ఞతలన్నాడు. ఒక మాట మారిస్తే ఇంకా తేటగా ఉంటుందేమోనని సందేహిస్తూ అడిగాడు. మార్చాను. సాయంత్రానికి పుటలో కలిపేశాడు. అంతే. నా ఇంగ్లీషు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఉద్యోగం మాటేమిటంటారా? నా స్నేహితురాలి కంపెనీలో రాలేదు. పరీక్ష గట్టెక్కాను గాని, మాటలాడేటప్పుడు తడబడ్డాను. అయిదు నెలల తరువాత ఇంకోచోట వచ్చింది. అక్కడివాళ్లు మీరు చేసిన పని ఏదైనా చూపించమంటే, చూపించడానికి నా దగ్గర అప్పటికి పదకొండు సవరణలు ఉన్నాయి. అన్నీ చిన్నవే. తేదీ పాతబడిన ఉదాహరణలు, తప్పిపోయిన ఒక పంక్తి, అర్థం తిరగబడిన ఒక వాక్యం. అవి చదివి, "మీకు ఓపిక ఉంది" అన్నారు. అది మా నాన్నగారి ఆస్తి, నాకు వాటా వచ్చిందని నేను చెప్పలేదు.

ఆ మొదటి సవరణ కలిపిన రోజున మాత్రం కంప్యూటరు వరండాలోకి తీసుకువెళ్లి నాన్నగారికి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ మొదట్నుంచీ చివరిదాకా చదివారు. ఎర్ర గీతలో పాత పంక్తి, ఆకుపచ్చ గీతలో కొత్త పంక్తి పక్కపక్కనే ఉన్నాయి. పక్కన నా పేరు, తేదీ.

"పాతది చెరిపెయ్యకుండా ఉంచారే" అన్నారు.

"ఎవరు ఎప్పుడు ఏది దిద్దారో, అంతా ఎప్పటికీ ఉంటుంది నాన్నగారూ."

"మంచి పద్ధతి. తప్పూ ఒప్పూ రెండూ కనబడాలి." మళ్లీ ఒకసారి చదివారు. "ఇకమీదట కొత్తగా నేర్చుకునేవాడు ఈ పుట తెరిస్తే, వాడికి ఈ తప్పు తగలదు కదూ?"

"తగలదు."

"అయితే సరే" అని కళ్లజోడు తీసి, పేపరు అందుకున్నారు.